పెట్టె చక్రాలు

అరిజోనా ఎడారిలో ఆగి ఉంది, ఆ ఆలుమగలు ఇల్లమ్మి కాపురానికి కొనుక్కున్న బండి. మీట నొక్కితే లోపలికీ బయటికీ జరిగే దాని పడకగదిలో, విరిగిన మంచానికి మొగుడు మరలు బిగించడం ఆవిడ ఆత్రంగా చూస్తోంది.

"అయిపోయింది! ఎక్కి గెంతు. కిర్రుమంటే నా పేరు మార్చుకుంటా!"

"అబ్బ! బండరాయిలా ఉందే!"

"ఉండదా మరి! ఇనుప బద్దలు వేశా. కింద రెండు కాళ్ళు పెట్టి బండి నేలకే బిగించేశా."

"ఇక రేపే మోంటానాకి!"

"రేపేంటి, ఇప్పుడే పోదాం పద! గది లోపలికి లాగెయ్."

"కాళ్ళు నేలకి బిగించావుగా. ఇక మంచంతోపాటు గదెలా లోపలికి జరుగుతుంది?"

"అరే! అది తట్టనేలేదే!"

"భలే పని చేశావు, వడ్రంగి మహాశయా!"

"నవ్వకు. జన్మంతా కదలని ఇళ్ళు కట్టిన చెయ్యి ఇది! కాళ్ళకి చక్రాలుంటే చాలు. ఈ ఎడారిలో ఎక్కడ దొరుకుతాయి?"

"నా పెట్టెకున్నాయిగా."

"ఏ పెట్టె? ఈ బతుకు నచ్చకపోతే మీ అక్క దగ్గరికి పోతానని సర్దిపెట్టుకున్నావే, అదా?"

"అదే."

"నిజంగానా?"

"ఇల్లే చక్రాల మీదుంటే పెట్టెకెందుకు? త్వరగా ఊడదీయ్, నా మనసు మారకముందే!"