తువ్వాల కింద కాంట్రాక్టు

దమ్ముంటే నమ్ముర్రి. నమ్మనోడు గ్రూపుల నుంచి ఎల్లిపోవచ్చు, నేనేం అనుకోను. మన ప్రవళికను సిరిసిల్ల హాకీ టీమ్‌ల గోల్‌కీపర్‌గ పెట్టించింది ఎవరు? నేను. వీర్నపల్లి అభిలాష్. మూడు టీమ్‌ల మేనేజర్లతోని ఒక్కన్నే మాట్లాడిన. తప్పులుంటే సర్దుకోర్రి, స్పీడ్‌గ టైప్ కొడుతున్న.

అరుణ్: నువ్వా? మొన్న కిరాణంల చిల్లర అడగనీకి భయపడ్డవ్ గదరా

అరుణ్ నువ్వు ఆగు. ముందుగాల మ్యాటర్ ఇను. మన ఊరి ఆటల డిఫెన్స్‌ల నేను ఎన్నిసార్లు బాల్ ఇడిసిపెట్టిన్నో నాకే యాది లేదు. అన్నిటికీ ప్రవళికనే అడ్డం వడ్డది, ఒక్కసారి గూడ నన్ను ఒక్క మాట అనలే. గందుకే పోయిన. వాళ్లమ్మ పద్మక్క ఖరాఖండిగ చెప్పింది, ఆట అయినంక ఎవలన్న ఇంటికాడ దింపితేనే ఆట, లేకపోతే నాతోని పత్తి ఏరనీకి రావాలె అని. లాస్ట్ బస్సు ఆరింటికి, ప్రాక్టీస్ అయ్యేది ఏడింటికి. మనం అడిగేటియి మూడే. పిల్ల కాళ్ల సైజుకు ప్యాడ్లు, పరీక్షలప్పుడు సెలవు, ఇంటికాడ దింపుడు.

ఫస్టు జగిత్యాల. మేనేజర్ జైపాల్ సార్ స్టైల్ ఏందంటే మాట్లాడడు. సప్పుడు లేకుంట మన దిక్కు చూస్తనే ఉంటడు, మనమే ఆగలేక తక్కువకు ఒప్పుకుంటం. నేను గూడ మాట్లాడలే. పది నిమిషాలు. గంట. చాయ్ మీద మీగడ కట్టింది. ఆ తర్వాత ఏమైందో ఎరికేనా? ఫ్యాన్ మీద పిట్టలు గూడు కట్టినయి, గుడ్లు పెట్టినయి, పిల్లలైనయి, గా పిల్లలు ఎగిరిపోయినంక సారు నోరు తెరిచిండు. బాత్రూం ఎటు అన్నడు. ఆఫీసు ఆయనదే.

అరుణ్: ఫ్యాన్ తిరుగుతలేదా మరి

కరెంటు గూడ సప్పుడు చెయ్యలే అరుణ్. ఆడ గంత సీరియస్.

ఇగ కోరుట్ల. నర్సన్న స్టైల్ వేరే, తినిపిస్తడు. కడుపు నిండినోడు దేనికీ కాదనడని గాయన లెక్క. బగారన్నం, మటన్. నేను పది ప్లేట్లు తిన్న, ఇరవై తిన్న, నలభైకి వంటాయన గంటె పడేసి మస్కట్ వీసాకు అప్లై చేసిండు. తమ్మీ ప్యాడ్లిస్తం, వీర్నపల్లి దాక దింపుడు మాత్రం మాతోని కాదు అన్నడు నర్సన్న. ఇంకో ప్లేటు పెట్టుమన్న. ఏడ్చిండు.

ఆఖరికి సిరిసిల్ల. మార్కండేయులు సార్, మరమగ్గాల ఆసామి. అన్నిటికీ చూద్దాం అంటడు, గదే స్టైల్. ప్యాడ్లు? చూద్దాం. సెలవు? చూద్దాం. దింపుడు? గది మా పని కాదు. ఇగ నేను మా తాత ముత్తయ్య స్టైల్ తీసిన. తాత అంగట్ల ఎడ్ల బ్యారం చేసెటోడు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పుతరు, కింద చేతి వేళ్లు పట్టుకొని లెక్క చెప్పుకుంటరు, చుట్టున్నోళ్లకు ఏం తెల్వది. సరే అని తువ్వాల తీసినంక మాట మార్చద్దు. నేను చెయ్యి పెట్టిన, సార్ పెట్టిండు. వేళ్లు సరిపోలే. జగిత్యాల నుంచి జైపాల్ సార్, కోరుట్ల నుంచి నర్సన్న ఉర్కొచ్చి చేతులు పెట్టిర్రు, తువ్వాల సరిపోలే. సిరిసిల్లల మగ్గాలన్నిటి మీద ఒక్కటే తువ్వాల నేసుడు షురూ. సిరిసిల్ల నుంచి కోరుట్ల దాక, ఆడికెల్లి జగిత్యాల దాక. దాని కిందకెల్లి బస్సులు పట్టపగలే లైట్లేసుకొని పోతున్నయి. కండక్టర్ టికెట్ ఇయ్యనీకి చెయ్యి చాపిండు, నర్సన్న గా చెయ్యి పట్టుకొని బ్యారం షురూ చేసిండు.

ప్రవళిక: అభీ ఇగ నేను చెప్త

చెప్పు చెప్పు, నువ్వు సాక్ష్యం.

ప్రవళిక: తువ్వాల కింద చెయ్యి పెట్టింది మీ అవ్వ, ముత్తయ్య తాత పెండ్లాం. లచ్చవ్వ. నువ్వు తలుపు కాడ నిలవడి ఏం లేదు సార్ మీ ఇష్టం అన్నవ్. అవ్వ లేచి నీ మెడల తువ్వాల గుంజి సార్ చెయ్యి మీద కప్పింది, సార్‌వి మూడు వేళ్లు గట్టిగ పట్టుకుంది. సార్‌కు అంగడి లెక్క తెల్వది. ముసలవ్వ చెయ్యి పట్టుకొని బతిలాడుతుందనుకొని సరే అవ్వా సరే అన్నడు. అవ్వ తువ్వాల తీసి అందరి ముందట చెప్పింది, మూడు వేళ్లు అంటే ప్యాడ్లు, సెలవు, దింపుడు, బ్యారం అయింది కొడుకా అని. సార్ నవ్వుకుంటనే సంతకం పెట్టిండు

అరుణ్: అంటే ఏజెంటు లచ్చవ్వ. నువ్వు తువ్వాల స్టాండు

ప్రవళిక: అరుణ్ నువ్వు నవ్వకు. అవ్వకు మోకాళ్లు నొస్తయి, బస్సు ఎక్కరాలే. వీడే ఎత్తుకొని ఎక్కిచ్చిండు, సిరిసిల్లల ఎత్తుకొని దింపిండు. నిన్న టీమ్ వ్యాన్ నన్ను ఇంటికాడ దింపింది అభీ. మా అమ్మ వాకిట్లనే ఉన్నది, వ్యాన్‌ను చూసింది. కాళ్లు కడుక్కో అన్నం తిందువు అన్నది. అవ్వకు నా దండం చెప్పు. నీకు గూడ

నువ్వు గోల్‌ల ఆపిన బాల్‌ల ముందు గిదెంత. అయినా అవ్వను ఒక్కదాన్నే ఎత్తలే నేను, టైర్ పంచర్ అయితే బస్సును గూడ ఎత్తిన, అందరు లోపటనే కూసున్నరు, డ్రైవర్ గూడ, గట్లనే వేములాడ దాక

ఆగుర్రి అవ్వ పిలుస్తుంది. తువ్వాల ఏడ పెట్టినవ్రా అంటుంది. నా మెడలనే ఉంది. పోతున్న