జ్ఞానం మీద నాలుగొందల మాటలు

హాల్లో బల్ల ముందు ఆయన, రిటైరైన లెక్చరరు. గుమ్మంలో ఆయన భార్య. లోపలి గదిలో, పొద్దున్నే అత్తారింటి నుంచి చెప్పాపెట్టకుండా దిగిన కూతురు.

"లేచి వెళ్లి దాన్ని పలకరిస్తారా, లేదా?"

"ఉండవే. పుస్తకం ప్రూఫులు సాయంత్రానికి ఇచ్చేయాలి. అయినా తొందరపడి నోరు విప్పేవాడు జ్ఞాని కాడన్నాడు ఒక మహానుభావుడు."

"ఆయనకి కూతురుందా?"

"ఎవరికి?"

"ఆ మహానుభావుడికి."

"ఆయన సన్యాసి."

"మరింకేం. గట్టు మీద కూర్చుని ఎన్నైనా చెప్తాడు."

"నీకు వెటకారం ఎక్కువైంది. జ్ఞానం మీద పెద్దలన్న మాటలు నాలుగొందలు పోగుచేశాను. ఒక్కటైనా చదివావా?"

"చదివాను. మాట్లాడనివాడే జ్ఞాని అని ఒకచోట వేశారు. పేజీ తిప్పితే, మాట్లాడాల్సిన చోట నోరు కుట్టేసుకున్నవాడు మూర్ఖుడన్నారు. మీరిప్పుడు ఏ పేజీలో ఉన్నారు?"

"అది సందర్భాన్ని బట్టి..."

"సందర్భం లోపల మంచం మీద కూర్చునుందండీ."

"సరే, సరే. ఏమైందట? కొట్టాడా?"

"లేదు."

"తాగుతున్నాడా?"

"లేదు."

"ఇంకో ఆడదా?"

"అబ్బే. అతనికి అంత ఓపిక కూడానా."

"మరి బంగారంలాంటి కుర్రాణ్ణి వదిలేసి రావడమేంటి? ఏరికోరి తెచ్చిన సంబంధం. ఎంత చదువు, ఎంత నిదానం!"

"దాని ఉద్యోగం పోయి ఏడుస్తుంటే, పోయినదానికి వగచనివాడే వివేకి అన్నాడట. జ్వరమొస్తే ఇంకెవరో అన్నది చదివి వినిపించాడట. మందుబిళ్ల మాత్రం అదే లేచి తెచ్చుకుందట."

"చదివితే తప్పేంటే? మంచి మాటేగా."

"మంచి మాటే. మా అమ్మ పోయిన రోజు మీరు నాకు చదివింది కూడా మంచి మాటే. భుజం మీద చెయ్యి మాత్రం వెయ్యలేదు."

"ఇప్పుడా పాత సంగతులెందుకు? వివేకం ఉన్నవాళ్లు గతాన్ని..."

"ఆపండి."

"ఆపాను. అల్లుడితో నేను మాట్లాడతాలే. కొన్నాళ్లు అమ్మాయిని ఇక్కడే ఉండనీ. ఓర్పంటే ఏంటో నిన్ను చూసి నేర్చుకుంటుంది."

"చూసే నేర్చుకుందండీ. అందుకే నాలా ముప్పై ఏళ్లు ఆగలేదు, ఏడాదికే లేచొచ్చింది. కొత్త ఉద్యోగం చూసుకుంది. రెండు గదుల ఇల్లు తీసుకుంది."

"మనిల్లు ఉండగా ఇంకో ఇల్లెందుకు?"

"అది ఇక్కడ ఉండడానికి రాలేదు. నన్ను తీసుకెళ్లడానికొచ్చింది."

"నిన్నా?"

"నన్నే. బట్టలు సర్దుకున్నాను."

"ఉండవే, దీని మీద కూడా ఎక్కడో ఒక మాట వేశాను... ఏ పేజీలోనో..."

"ఏం, మహానుభావులెవరూ ఏమీ అనలేదా?"

"అది కాదు... మరి, రాత్రికి నాకు వంట?"

"ఇదెవరన్న మాటండీ?"

"ఎవరూ అనలేదే. నేనే అడుగుతున్నా."