రెక్క మీద తెల్లమచ్చ

ఏ ఫొటో? ఇటివ్వు చూద్దాం. మీ నానమ్మ పెట్టెలో దొరికిందా? ఆ... వెనకాల ఎర్రసిరాతో 'కాదు' అని. ఇంకెవరు రాస్తారమ్మా, కాదుగారే! అసలు పేరేదో ఉండేదిలే, ఎవరిక్కావాలి. కాలేజీలో జంతుశాస్త్రం చెప్పేవాడు. మేడమీద చివరి గది, బల్లనిండా జనం పోస్టులో పంపిన పిట్టల ఫొటోలు, చేతిలో భూతద్దం. ఎవరికైనా అరుదైన పక్షి కనబడిందంటే అది నిజమో కాదో ఆయనగారు తేల్చాలి. ఔనంటే పక్షుల పుస్తకంలోకి ఎక్కుతుంది, లేదంటే ఆ పిట్ట పుట్టనట్టే. కోడిగుడ్డు మీద ఈకలు పీకడం ఉత్త సామెతనుకున్నాను గానీ, అందుకో గది, కుర్చీ ఇచ్చి మరీ కూర్చోబెడతారని ఈయన్ని చూశాకే తెలిసింది. పోనీ పంపేవాళ్ళు తక్కువ తిన్నారా? కరెంటు తీగకి చిక్కిన ప్లాస్టిక్ కవరుని గుడ్లగూబన్నాడు ఒకడు. ఒక డాక్టరుగారైతే, నీలిరంగు పావురమండీ, ప్రపంచంలో ఇంకెక్కడా లేదండీ అని మూడు పేజీలు రాశాడు. ఎదురింటి లాండ్రీవాడి నీలిమందు తొట్టిలో పడి లేచిన పావురం అది! నాకు తెలీకేం, ఊళ్ళో ఉన్నది నా స్టూడియో ఒక్కటే, ఆ ఫొటోలన్నీ కడిగింది నేనే. దానికీ 'కాదు' అనే రాశాడనుకో. ఆ ఒక్కసారికి మాత్రం నాకూ అభ్యంతరం లేదు.

ఏం చెబుతున్నాను? ఆ, మాట తీరు. ముక్కుతో మాట్లాడేవాడు. 'చూడండీ, కన్ను ఆశపడుతుంది, ఫొటో ఆశపడదు' అని. ఆశపడదట! ఫొటో గురించి ఆయనకేం తెలుసమ్మా? పుట్టెడు మొటిమలతో వచ్చిన మొహాల్ని నున్నగా చేసి పంపినవాణ్ణి నేను. నెగటివ్ మీద దుమ్ము పడితే ప్రింటులో తెల్లచుక్కలు వస్తాయి కదా, సన్నకుంచెతో సిరా అద్ది ఒక్కోదాన్నీ పూడ్చేవాణ్ణి. నా స్టూడియోలోంచి చుక్కపడ్డ ఫొటో బయటికెళ్తే మీసం తీసేస్తాననేవాణ్ణి.

సరే, మీ తాత సంగతికొద్దాం. మంచినీళ్ళ రిజర్వాయరు దగ్గర వాచ్‌మన్. మా బావ అబద్ధమాడాలంటే ముందు గ్లాసుడు నీళ్ళు తాగాలి, అంత చేతకానివాడు. అక్కడ వాలిన ప్రతి పిట్టనీ పద్నాలుగేళ్ళు నోటుబుక్కులో రాసుకున్నాడు. ఒక చలికాలం నల్లబాతొకటి దిగింది. రెక్క మీద తెల్లమచ్చ. మామూలు నల్లబాతుకి మచ్చ ఉండదట, మచ్చ ఉన్నదాన్ని ఆ చుట్టుపక్కల అరవై ఏళ్ళుగా ఎవరూ చూడలేదట. నా కెమెరా పట్టుకెళ్ళి, రెండ్రోజులు బురదలో బోర్లా పడుకుని, ఒకే ఒక్క ఫొటో తీశాడు. ఒళ్ళంతా బురదతో పరిగెత్తుకొచ్చి, 'ఒరేయ్ బావమరిదీ, జాగ్రత్తగా కడగరా, నా పేరు పుస్తకంలో పడుతుంది' అన్నాడు. ఉత్తరం నా చేతికిచ్చి డ్యూటీకి వెళ్ళిపోయాడు. నేనూ జాగ్రత్తగానే కడిగాను. ఉత్తరంతో కలిపి నేనే కవర్లో పెట్టి పోస్టు చేశాను.

పదిరోజులకి తిరిగొచ్చింది. కింద ఇంకో ముక్క ఉంది చూడు, చదువు. 'రెక్క మీద మచ్చ లేదు. నెగటివ్ పంపగలరా?' అంటే ఏమిటి? నువ్వు అబద్ధాలకోరువి అనేగా! పంప్‌హౌస్‌లో వాళ్ళకి అదో వినోదం అయిపోయింది. 'ఏం వాచ్‌మన్‌గారూ, ఇవాళ నీళ్ళమీద ఏనుగేమైనా వాలిందా?' అనేవాళ్ళు. మీ తాత వచ్చి నా స్టూడియోలో స్టూలు మీద కూర్చుని ఈ ఫొటోనే అటు తిప్పి ఇటు తిప్పి, 'నేను చూశానురా... చూశాననుకున్నానంటావా?' అన్నాడు. తన కళ్ళనే నమ్మడం మానేశాడమ్మా. నోటుబుక్కు అటకెక్కింది. అందుకే ఆ కాదుగాడంటే నాకు ఒళ్ళుమంట. రోడ్డు మీద కనబడితే ఇటు తిరిగి ఉమ్మేవాణ్ణి.

ఏంటీ? నెగటివ్ పంపలేదా అంటావా... నువ్వూ అచ్చం ఆయన లాగే అడుగుతున్నావే. తీశాను. డార్క్‌రూములో దీపానికెదురుగా పెట్టి చూశాను. నెగటివ్‌లో తెల్లది నల్లగా పడుతుంది కదా. రెక్క మీద గుండుసూది తలంత నల్లచుక్క. మెత్తటి గుడ్డతో తుడిచాను, పోలేదు. దుమ్మైతే పోయేది. మళ్ళీ తుడిచాను. అది మచ్చేనమ్మా. ప్రింటు మీద తెల్లగా కనబడితే దుమ్మే అనుకుని, కుంచెతో పూడ్చింది నేను.

బయటికొచ్చి, 'నెగటివ్ పాడైపోయింది బావా' అన్నాను. చుక్కలేని స్టూడియో అని ఊళ్ళో పేరు కదా, ఏం చెప్పమంటావు. 'పోన్లేరా, నువ్వు మాత్రం ఏం చేస్తావు' అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నన్ను తింటోంది. ఆ రోజునించే కదా కాదుగారిని ఊరంతా తిరిగి తిట్టడం మొదలెట్టాను. పాపం, నెగటివ్ అడిగినవాడు ఆయనొక్కడే.

మీ తాత పోయేముందు ఆసుపత్రిలో కూడా నా చెయ్యి పట్టుకుని అడిగాడు. 'దాని రెక్క మీద మచ్చ ఉందంటావా?' అని. ఏమీ లేదు బావా, పడుకో, అన్నాను.

...

మీ నాన్న మోకాలు ఎలా ఉందమ్మా ఇప్పుడు? మెట్లెక్కగలుగుతున్నాడా?