కూర్చోండమ్మా అన్న దొంగ

"అవ్వా, పెట్టెలో ఈ పుస్తకం ఎవరిది? అట్ట మింద కోటూ టోపీ ఏసుకున్నోడు ఎవరు?"

అయ్యో, అది యాడ దొరికింది నీకు! ఇట్టియ్యి, ఇట్టియ్యి. వాడు దొంగ పాపా! నవ్వతావేందే? గోడకు కన్నమేసే రకం కాదు. ఇస్త్రీ చొక్కా, చేతులకు తెల్ల గ్లౌజులు, రొంబ మర్యాద. ఈ ఊరి బళ్లో అరవమే గదా, నీకు తెలుగు చదవను రాదు, లేకుంటే ఇప్పుడే కూర్చోబెట్టి చదివిస్తును.

నేను ఈ అత్తిమంజేరిపేటకు కాపురానికొచ్చిన కొత్త. మా అత్త, అదే, మీ తాత వాళ్లమ్మ, నోరు తెరిస్తే అగ్గే. "ఏమే, ఇట్ట రాయే" తప్ప నన్ను ఇంకో రకంగా పిలిచింది లేదు. నా పెట్టెలో ఈ పుస్తకం చూసి, "ఆడదానికి పుస్తకాలేందే, పొయ్యిలో పెట్టు" అనింది. మా అన్న పుత్తూరు బస్టాండులో కొనిచ్చినాడు, పావలాకు... పావలా కాదులే, ముప్పావలా. సగం కూడా చదవలే నేనింకా. ఏడుపొచ్చేసింది.

అది విత్తనానికి చెనిక్కాయలు ఒలిచే కాలం. మిషన్లో ఏస్తే పప్పు పగిలిపోతాదని చేత్తోనే ఒలవాల గదా. మధ్యాన్నం తిన్నాక వీధిలో ఆడోళ్లంతా మా వసారాలో చేరతారు. ఎదురింటి సుగుణక్క, అదే, మొన్న పోయిందే, ఆమె "కోడలికి చదువొచ్చంట గదత్తా, చదవనీ, ఊసుపోతాది" అనింది. అత్త మూతి తిప్పుకోని, "సరి, ఈ పొద్దొక్కటే. రేపు పొయ్యిలోకే" అనింది.

మొదలుపెట్టినా. కతలో ఆ దొంగ జమీందారు బంగళాలో దిగినాడు. హాల్లో ముసలామె మేలుకోనుంది. నగలు మూటగట్టుకుంటా వాడేమంటాడు? "లేవకండమ్మా, మీకు మోకాళ్ల నొప్పి గదా. కూర్చోండి, నీళ్లు నేనిస్తాను." అని, నిజంగానే ఇచ్చినాడు పాపా!

మా అత్త చేతిలో కాయ చేతిలోనే ఉండిపోయింది. "ఏందీ, కూర్చోండమ్మా అన్నాడా? ఇంగొకసారి చదువు." చదివినా. "ఇన్నేండ్లు కాపురం చేసినా, మా ఆయన ఒక్క దినం కూర్చో అనింది లేదు గదే" అని కొంగుతో కండ్లు తుడుచుకునింది.

నేను చదవతానే ఉన్నా. పోలీసులొచ్చి బంగళా చుట్టుకున్నారు. పేజీ తిప్పబోతే, అత్త పుస్తకం లాక్కోని, దానిమింద కూర్చునేసింది! "చదవొద్దు! వాణ్ణి పట్టుకుంటే ఎట్లా? రేపు మళ్లా మొదట్నుంచి చదువు." సుగుణక్క కొట్లాడింది, బతిమాలింది. ఊహూ, లేస్తేనా!

పొయ్యి మాట మళ్లీ ఎత్తలే. మరుసటి దినం చాప పరిచి, నా తట్టు తిరిగి, "కూర్చోమ్మా" అనింది. ఆమా, అవునే, నన్నే! ఆ కాయలన్నీ అయిపోయిందాకా వాణ్ణే చదివినా, పోలీసులొచ్చే కాడికి ఆపేసేది.

అత్త పోయి ఎన్నేండ్లాయె. ఆఖరి పేజీలు నేనింకా చూడలే. అదో, ఒకటికొకటి అంటుకోనుండాయి. ఏయ్, విప్పొద్దు! వాడు యాడో ఎవరో ముసలామెకు నీళ్లిస్తా ఉంటాడు, ఉండనీ. నీకూ కూర్చోమని చెప్పే మొగుడు రావాల తల్లీ, దొంగైనా సరే... ఛీ ఛీ, దొంగ వద్దులే! సల్లగా ఉండు. ముందు ఆ పుస్తకం ఇట్టియ్యి...