వాన నీళ్ల పర్మిట్

గోదావరిఖని శివారులో బొగ్గు యార్డు నడిపే తమ్ముడు పొద్దున్నే వచ్చి యార్డు పక్కనే ఉన్న అక్క ఇంటి వాకిట్లో కూర్చున్నాడు.

“అక్కా, ఇయ్యాల పొల్యూషన్ బోర్డు సారు చెకింగుకొస్తడు. యార్డు మీద పడ్డ వాన నీళ్లు మీ ఇంటి మంచినీళ్ల బాయిలకు వస్తలేవని చెప్పు. గట్ల రాసుకుంటెనే లైసెన్సు.”

“ఆ నీళ్లు ఆగేటందుకు గుంత తవ్వుమన్నరు గద, తవ్వినవా?”

“గుంత తవ్వితే బొగ్గెక్కడ పోసుకోవాలె? యార్డు మూతపడితే బావ పని గూడ పోతది, సూడు.”

“బెదిరిస్తున్నవా?”

“బతిమాలుతున్ననే.”

అక్క బావి దిక్కు చూసింది. మొన్నటి వానకు అందులో నీళ్లు నల్లబడ్డాయి.

“సరే, వస్తలేవనే చెప్త. అంత దూరం కెల్లి వచ్చే మనిషి, దూపైతందని నీళ్లడిగితే ఏం పొయ్యాలెరా?”

“ఫికర్ చెయ్యకు. సారు కోసం బండిల సీసా నీళ్లు తెచ్చిన.”