అత్త ఇవ్వనన్న రక్తం

వెల్దుర్తిలో కొండమ్మ ఇంటి వసారా. హైదరాబాదులో క్యాన్సర్ మీద పరిశోధన చేసే మేనకోడలు మల్లీశ్వరి, నర్సు ఫాయిజాను వెంటబెట్టుకుని రక్తం నమూనాల కోసం వచ్చింది.

"అత్తా, చెయ్యి చాపు. అందరూ ఇచ్చారు, నువ్వొక్కదానివే మిగిలావు."

"ఇయ్యనన్నా గదంటే. మజ్జిగ తాగుతావా?"

"రెండు గ్లాసులు తాగా. ఊళ్ళో యాభై మందిని పోగేసింది నువ్వే. మైకు లేకుండానే వీధివీధీ చాటింపేశావంట."

"వేశా. మా మల్లి సైంటిస్టు, నోరుమూసుకుని ఇచ్చి రండ్రా అన్నా. నేనిస్తానని యాడన్నా?"

"సూదంటే భయమా?"

"భయమా? మొన్న తేలు కుడితే దాన్ని చెప్పుతో కొట్టి, ఆ కాలుతోటే మిరపకోతకి పోయా."

"మరింకేంది?"

"అదిగాదు గానీ, ఇరవై రెండేళ్ళనుంచి ఆడ నువ్వేం చేస్తన్నావో ముందు చెప్పు. ఊళ్ళో అందరూ 'మీ మల్లి ఎలకల డాక్టరంటగా' అంటన్నారు."

"ఎలకల డాక్టర్నే. వాటి ఒంట్లో కణితి కరిగిద్దేమోనని ఆరేళ్ళు చూశా. కరగలా. ఏడో ఏట ఒక్క ఎలక్కి కరిగింది. ల్యాబులో గంతులేశా."

"ఒక్క ఎలక్కా?"

"ఒక్క ఎలక్కే. దానికే ఎందుకు కరిగిందో తెలుసుకోటానికి ఇంకో తొమ్మిదేళ్ళు పట్టింది."

"అమ్మో! ఆ తొమ్మిదేళ్ళలో నేను మూడు బోర్లేశా, ఇద్దరు పిల్లల పెళ్ళిళ్ళు చేశా. ఇంతకీ ఎందుకంట?"

"మన ఒంట్లో కావలి కణాలుంటయ్ అత్తా. పరాయి క్రిమి వస్తే పట్టి చంపుతయ్. క్యాన్సర్ కణం మాత్రం 'నేను మీవాణ్ణే' అని వాటిని నమ్మిస్తది. అవి వదిలేస్తయ్."

"ఎలక్షన్లప్పుడు మీ బాలకోటయ్య బాబాయి రెండు పార్టీల కండువాలూ జేబులో పెట్టుకుని తిరిగినట్టు."

"అచ్చం అట్టాగే! ఆ కండువా లాగేసి అసలు మొహం చూపించే మందుల మీద మా పని. ఆ ఎలక ఒంట్లో కావలోళ్ళు ముందే మేలుకుని ఉన్నారు. మనుషుల్లో ఎవరికి అట్టా ఉంటారో కనిపెట్టాలనే ఈ తిరుగుడంతా."

"ఆ మందు ఆడోళ్ళకి పనిచేసిద్దా?"

"ఆడా మగా అని కాదు. కొందరికి చేసిద్ది, కొందరికి చెయ్యదు."

"అరవై దాటినోళ్ళకో?"

"వాళ్ళకీ అంతే. ఎవరికత్తా?"

"ఎవరికైతే ఏంది, తెలుసుకోగూడదా? రొమ్ములో వచ్చినదానికి?"

"కొన్ని రకాలకి. ఏ రకమో పరీక్ష చేసి చూడాలి. మాట మార్చమాక. సుందరరావు పెదనాన్న కర్ర పొడుచుకుంటా వచ్చి ఇచ్చిపోయాడు. సొంత మేనత్తే ఇయ్యలేదంటే నవ్వరా?"

"నవ్వనీ. పళ్ళున్నోళ్ళు నవ్వుతారు."

"మేడమ్, వ్యాను రెడీ. ఐసు కరుగుతంది."

"ఐదు నిమిషాలు ఫాయిజా. అత్తా, నిజం చెప్పు. మావయ్య పోయినప్పుడు నేను రాలేదని కోపమా?"

"ఛ, నోర్ముయ్! ఆ రోజు నీ ఎలకలకి మందేసే రోజంటగా. రావద్దని నేనేగా ఫోన్లో చెప్పింది."

"మరెందుకత్తా ఇంత పంతం? నా పనంటే నీకు నమ్మకం లేదా?"

"నమ్మకం ఉండబట్టేనే. నువ్వు సంతకాలు పెట్టించుకుంటన్న ఆ కాయితంలో ఏముంది? చదువు."

"మామూలేగా. 'నేను ఆరోగ్యంగా ఉన్నాను, నాకు క్యాన్సర్ లేదు.' రోగుల రక్తం పక్కన పెట్టి చూడటానికి బాగున్నోళ్ళది కావాలి, అందుకని..."

"ఆ సంతకం నేను పెట్టలేనే మల్లీ. నెల కిందట గుంటూర్లో నా రొమ్ములో గడ్డనుంచి ముక్క తీసి చూశారు. నా రక్తం వీళ్ళందర్లో కలిపావంటే, నీ ఇరవై రెండేళ్ళ కష్టం తప్పుల తడకైపోద్ది."