చేతి మీది నీలం ముద్ర

అయ్యా, నా దస్తూరి బాగుండదు. తప్పులు కూడా ఉంటాయి, మన్నించాలి. నోటితో చెబుతుంటే వరస తప్పుతోంది. అందుకని మీ పోలీసు స్టేషను రైటరు గారు కాగితం ఇచ్చి రాయమన్నారు. నా పేరు ఆయనే పైన రాసుకున్నారు. వయసు డెబ్బై నాలుగు. కుర్చీలు అల్లేవాణ్ణి, ఇప్పుడు మానేశాను. నిన్న మధ్యాహ్నం నుంచి నా భార్య కనబడటం లేదు.

ఆటల పార్కు చూడటానికి ఐదుగురం వచ్చాం. నేను, నా భార్య, కూతురు, అల్లుడు, మనవరాలు. ఎక్కడ దిగాలన్నది ఇంటి దగ్గరే మాట్లాడుకున్నాం. "పార్కు లోపలి హోటల్లో దిగుదాం. అమ్మ అలిసిపోతే గది పక్కనే ఉంటుంది" అంది కూతురు. నా భార్య ఒప్పుకోలేదు. "రాత్రంతా ఆ కేకల మధ్యేనా? రంగులరాట్నం కింద కాపురం పెడతామా ఏమిటే?" అంది. అందరూ నవ్వారు. "మామయ్యగారూ, మీరేమంటారు?" అని అల్లుడు అడిగాడు. మీ అత్తయ్య ఎలా అంటే అలా అన్నాను. గేటు ఎదురు వీధిలో లాడ్జి తీసుకున్నాం.

ఆవిడకు ఏడాదిగా మతిమరుపు. వండిన కూరే మళ్ళీ వండుతుంది. నిన్న బాగానే ఉంది. మనవరాలితో పెద్ద చక్రం ఎక్కింది. దిగాక మళ్ళీ ఎక్కుదామంది.

మధ్యాహ్నం మేమిద్దరం తిని పడుకుందామని లాడ్జికి బయల్దేరాం. మళ్ళీ వచ్చేవాళ్ళకు గేటు దగ్గర చేతి మీద నీలం ముద్ర కొడతారు. అది చూపిస్తేనే లోపలికి రానిస్తారు. ఇద్దరికీ ఎడమ చేతి మీద కొట్టారు. తిన్నాక నేను నడుం వాల్చాను. "మీరు పడుకోండి, పిల్ల నా కోసం చూస్తుంటుంది" అంది. కునుకులో ఉన్నాను. ఊ అన్నాను. తలుపు వేసిన చప్పుడు విన్నాను.

నాలుగింటికి లేచాను. కుళాయి దగ్గర సబ్బు నీలంగా ఉంది. చేతికి మరక ఉంటే ఆవిడ ఊరుకోదు. పెళ్ళయిన నాటి నుంచీ అంతే.

గేటు మనిషి ఆవిడను చూశానన్నాడు. "ముద్ర లేదు, కుదరదమ్మా అన్నాను తాతగారూ. మనవరాలు లోపలుందంది. అందరూ అదే చెబుతారు. లోపలి హోటలు వాళ్ళకైతే గది నంబరుతో చేతికి పట్టీ ఉంటుంది, కడిగినా పోదు. తప్పిపోతే మేమే గది దాకా తీసుకెళ్ళి దింపుతాం" అన్నాడు. అతని మీద నాకు కోపం లేదు. అతని పని అది. ఆవిడ వెనక్కి వీధిలోకి పోయిందట. ఆ వీధిలో లాడ్జీలన్నీ ఒకే రంగు.

ఆకుపచ్చ చీర కట్టుకుంది. నా చెప్పులు వేసుకుని పోయింది. ఆవిడవి మంచం కింద ఉన్నాయి. సబ్బు అక్కడే ఉంది.

పార్కు వాళ్ళు లోపలి హోటల్లో ఊరికే గది ఇస్తామన్నారు. "అక్కడైతే నలుగురూ ఉంటారు, రా నాన్నా" అంటోంది కూతురు. నేను పోను. ఆ లాడ్జి కావాలన్నది నా భార్యే. వస్తే అక్కడికే వస్తుంది. తలుపు గడియ పెట్టడం లేదు.

చూసింది రాశాను. చూడనిది రాయలేదు. ఇదంతా నిజం. ఎడమ చేతి వేలిముద్ర వేసి కడుక్కోమన్నారు. ఆ చేతి మీద నీలం ఇంకా ఉంది. నిన్నటి నుంచి నీళ్ళు తగలనివ్వలేదు. అందుకని సంతకమే చేస్తున్నాను.

ఏ సంగతి తెలిసినా, ఏదైనా సరే, లాడ్జికి త్వరగా కబురు పంపండి.

(సంతకం)